పుల్లను కదిలించేది నీరు కాదు

వేసవి వస్తే జంషెడ్‌పూర్ రెండు ఊళ్ళుగా విడిపోతుంది. లీజు భూమిలోని కాలనీల్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఆ గీత దాటి బాగ్‌బేడా లాంటి బస్తీలకు పోతే ట్యాంకరు ముందు బిందెల బారులు కనిపిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తాతముత్తాతల కాలంలో కర్మాగారం పనికీ రైల్వే పనికీ వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందిది ఒకటే దారి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ క్వార్టరు, కుళాయి నీళ్ళు. రిటైరైతే క్వార్టరు తాళం అప్పగించాలి. పీఎఫ్ డబ్బుతో ఆ గీతకు అవతల చిన్న స్థలం కొనుక్కోవాలి. అక్కడ ఇంటి ఖర్చు పునాదితో మొదలు కాదు, బోరుతో మొదలవుతుంది.

ఆ బోరు ఎక్కడ వేయాలో చెప్పడానికి నీళ్ళు చూసేవాడు వస్తాడు. చేతిలో వేప పంగల పుల్ల. లేకపోతే అరచేతిలో కొబ్బరికాయ. లేకపోతే ఎల్ ఆకారంలో వంచిన రెండు రాగి తీగలు. స్థలమంతా మెల్లగా నడుస్తాడు. ఒకచోట పుల్ల కిందికి వంగుతుంది, కాయ నిలువుగా లేస్తుంది, తీగలు ఒకదానిమీదొకటి వాలతాయి. ఇక్కడ రెండు ఊటలు కలుస్తున్నాయంటాడు. సున్నంతో గుర్తు పెడతారు, పసుపు కుంకుమ చల్లుతారు, దక్షిణ ఇస్తారు. మర్నాడు రిగ్గు బండి దిగుతుంది. అనంతపురం, నల్గొండ పల్లెల్లో జరిగేదీ ఇదే. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే కాయ లేస్తుందని కూడా చెబుతారు. రక్తం గుంపులు కనిపెట్టి నూరేళ్ళు దాటింది కాబట్టి మూఢనమ్మకం కూడా ఆ మాట నేర్చుకుంది.

మా ఉపాసకుల కూడికల్లో ఈ వాదన ఈమధ్య కొత్త దారి పట్టింది. పాత తరం వాళ్ళు గంగమ్మ తల్లి చూపిస్తుందనేవారు. వాళ్ళ మనవలు ఆ మాట అనరు. "దేవుడూ లేడు, గంగమ్మా లేదు, మన సబ్‌కాన్షస్ మైండ్‌కు అన్నీ తెలుసు, అది చెప్పే సంగతిని పుల్ల బయటపెడుతుంది" అంటారు. బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని శరణు వేడినవాళ్ళే ఈ మాటంటున్నారు. బుద్ధుడు చెప్పింది కూడా మనసు గురించే కదా అని పైనుంచి జోడిస్తున్నారు. లోలకం పట్టుకుని ప్రశ్నలకు జవాబులు రాబట్టే తరగతులకు ఫీజు కట్టి వెళ్ళినవాళ్ళూ మనలో ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ళ కోసమే. మా వాదన ఒక్క ముక్కలో చెబుతాం: పుల్లను కదిలించేది మనసే. సరిగ్గా అందుకే దాని మాట నమ్మి బోరు వేయకూడదు.

కదలిక నిజం, కారణం వేరు

ముందుగా ఒకటి ఒప్పుకుందాం. పుల్ల నిజంగానే కదులుతుంది. పట్టుకున్న మనిషి చాలాసార్లు నిజాయితీపరుడే. తాను కదపలేదని అతను ప్రమాణం చేస్తే, ఆ ప్రమాణంలో అబద్ధం లేదు. అతనికి తెలియకుండానే అతని చేయి కదిలింది.

పంగల పుల్ల పట్టే తీరు చూడండి. అరచేతులు పైకి తిప్పి, రెండు కొమ్మలనూ బయటికి లాగి బిగిస్తారు. లాగి పట్టిన విల్లులా అది ఎటైనా ఎగరడానికి సిద్ధంగా ఉంటుంది. మణికట్టు కొద్దిగా తిరిగితే చాలు, పుల్ల ఒక్కసారిగా వంగుతుంది. పిడికిలిని ఎదిరించి దానంతటదే తిరిగినట్టు పట్టుకున్నవాడికే అనిపిస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ కూడా అంతే. చేయి రవ్వంత వాలితే కాయ లేస్తుంది. రాగి తీగల్ని కలపడానికైతే పిడికిలి వంపులో కంటికి ఆనని తేడా చాలు.

ఈ సంగతి కొత్తగా తెలిసింది కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1812 ప్రాంతంలోనే లోలకంతో ప్రయోగాలు చేశాడు. పాదరసం మీద లోలకం ఊగింది. మధ్యలో గాజు పలక పెడితే ఆగింది. ఏదో శక్తి ఉందనే ఎవరైనా అనుకుంటారు. ఆయన అక్కడ ఆగలేదు. తన కళ్ళకు గంతలు కట్టించుకుని, పలక ఎప్పుడు పెడుతున్నారో తనకు తెలియకుండా మళ్ళీ చేశాడు. ఆ ప్రభావం పోయింది. ఊగుతుందన్న తలపే తన చేతిని ఊపిందని తేల్చి, 1833లో ఆంపియర్‌కు రాసిన లేఖగా ప్రచురించాడు. 1852లో ఇంగ్లండు వైద్యుడు విలియం కార్పెంటర్ దీనికి ఐడియోమోటార్ చర్య అని పేరు పెట్టాడు. తలపే కండరాన్ని కదపడం అని దాని అర్థం. సంకల్పం అక్కర్లేదు. ఎదురుచూపు ఉంటే చాలు.

మరుసటి ఏడాది, 1853లో, మైకేల్ ఫారడే చేసిన పని మనలాంటివాళ్ళకు ఇంకా ముఖ్యం. అప్పట్లో ఇంగ్లండులో బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు వచ్చి బల్లను తిప్పుతాయనే వెర్రి నడుస్తోంది. ఫారడే చేతులకూ బల్లకూ మధ్య జరిగే పలకలు అమర్చాడు. బల్ల కంటే ముందు చేతులే జరుగుతున్నాయని తేలింది. తర్వాత, చేతి ఒత్తిడి ఎటు పడుతోందో చూపే చిన్న సూచికను వాళ్ళ కళ్ళెదుటే పెట్టాడు. తమ చేతులు ఏం చేస్తున్నాయో కనబడగానే బల్ల తిరగడం ఆగిపోయింది. ఎరుక రాగానే ఆత్మలు పోయాయి. సతిపట్ఠానం సాధన చేసేవాళ్ళకు ఇంతకంటే చక్కటి ఉదాహరణ మేం ఇవ్వలేం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక ఉంగరాన్ని జానెడు దారానికి కట్టి గ్లాసు నీళ్ళ మీద వేలాడదీయండి. చేయి కదపకండి. ముందుకూ వెనక్కూ ఊగుతుందని అనుకోండి, కాసేపటికి ఊగుతుంది. గుండ్రంగా తిరుగుతుందనుకోండి, తిరుగుతుంది. తర్వాత కళ్ళు మూసుకుని, గ్లాసు ఉంచారో తీశారో మీకు తెలియకుండా ఇంట్లో ఇంకొకరిని మార్చమనండి. అప్పుడు ఉంగరం ఏం చెబుతుందో రాసుకుని లెక్క చూసుకోండి.

నీళ్ళు దొరుకుతాయా?

ఇక అసలు ప్రశ్న. కదిలిన చోట నీళ్ళుంటాయా? గనుల గురించి 1556లో అచ్చయిన తన పెద్ద గ్రంథంలో జర్మన్ పండితుడు అగ్రికోలా ఈ పుల్లను గురించి రాశాడు. గని పని తెలిసినవాడికి భూమి మీద కనిపించే గుర్తులే చాలునని, పుల్ల అక్కర్లేదని చెప్పాడు. 1917లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ తరఫున ఆర్థర్ ఎల్లిస్ ఈ విద్య చరిత్రనంతా తిరగేసి, ఇక దీన్ని పరీక్షించడానికి ప్రజల డబ్బు పెట్టడం దండగని తేల్చాడు.

అయినా పరీక్షలు ఆగలేదు. 1987–88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర భౌతిక శాస్త్రవేత్తలు పెద్ద ప్రయోగమే చేశారు. ఒక కొట్టాం కింది అంతస్తులో నీటి గొట్టాన్ని బండి మీద పెట్టి అటూ ఇటూ జరిపారు. పై అంతస్తులో 10 మీటర్ల గీత మీద నడుస్తూ గొట్టం ఎక్కడుందో నీళ్ళు చూసేవాళ్ళు చెప్పాలి. వందలమందిలోంచి ఏరిన 43 మందితో 843 సార్లు చేయించారు. కొందరికి నిజంగా శక్తి ఉందని ఆ శాస్త్రవేత్తలే ప్రకటించారు. తర్వాత జేమ్స్ ఎన్‌రైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అవే అంకెలు తీసి మళ్ళీ లెక్కగట్టాడు. కళ్ళు మూసుకుని గీత మీద ఏదో ఒక చోటు చెబితే వచ్చే ఫలితానికీ దీనికీ తేడా లేదని, ఒక విడతలో బాగా చెప్పినవాడు మరో విడతలో తప్పాడని చూపించాడు. 1990లో జర్మనీలోనే కాసెల్ పట్టణంలో ఇంకో పరీక్ష జరిగింది. భూమిలో పాతిన గొట్టంలో నీళ్ళు పారుతున్నాయో లేదో చెప్పాలి, అంతే. వచ్చిన 30 మందీ పరీక్ష పద్ధతికి ముందే ఒప్పుకున్నారు, గెలుస్తామన్నారు. ఫలితం బొమ్మాబొరుసు వేసినట్టే వచ్చింది.

దీని పక్షాన వాదించేవాళ్ళు శ్రీలంక పేరు చెబుతారు. అక్కడ ఒక జర్మన్ సహాయ పథకంలో పుల్ల పట్టే నిపుణుడు చూపిన 691 బోర్లలో 96 శాతం ఫలించాయని 1995లో అచ్చయింది. అంకె పెద్దదే. కానీ ఆ నిపుణుడు ఏళ్ళ తరబడి అలాంటి నేలల్లో తిరిగినవాడు. కళ్ళు తెరిచే నడిచాడు. పక్కనే పుల్ల లేకుండా వేసిన బోర్లతో పోల్చి చూసిందేమీ లేదు. ఆ గెలుపులో పుల్ల వంతు ఎంత, ఆ మనిషి కంటి వంతు ఎంత అన్నది అందులో తేలలేదు. గంతలు కట్టిన చోటల్లా ఓడిపోయిన విద్య, గంతలు విప్పిన చోట గెలిస్తే, గెలిచింది కళ్ళే అనుకోవాలి.

మరి మన కళ్ళముందే ఇన్ని బోర్లు ఎలా పడుతున్నాయి? జవాబు మన కాళ్ళ కింద ఉంది. సింగ్‌భూమ్‌ది గట్టి రాతి నేల. గ్రానైటు, షీస్టు, ఫిల్లైటు. భూమి కింద నదిలా పారే ఊటలు ఇలాంటి చోట ఉండవు. పైన శిథిలమైన రాతి పొరలో నీరు ఊరి ఉంటుంది, దాని కింద గట్టి రాతిలోని పగుళ్ళలో నిలిచి ఉంటుంది. ఆ పై పొర చాలా మేర పరుచుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడ తవ్వినా కొంత తడి తగిలే అవకాశం ఉంది. వానలు బాగా పడ్డ ఏడాది పుల్ల పట్టినా పట్టకపోయినా చాలా బోర్లు పడతాయి. పడ్డ బోరు కథను ఊరంతా పదేళ్ళు చెప్పుకుంటుంది. ఎండిన బోరు గురించి ఆ ఇంటివాళ్ళు సిగ్గుతో నోరు విప్పరు. పైగా నీళ్ళు రాకపోతే ఇంకో యాభై అడుగులు దింపమంటారు. అయినా రాకపోతే రిగ్గువాడు గుర్తు తప్పాడంటారు, మైలపడ్డ మనిషి అటు నడిచాడంటారు. ఏ ఫలితం వచ్చినా తప్పు కాని మాటను పరీక్షించలేం. పరీక్షించలేని మాటకు పీఎఫ్ డబ్బు ధారపోయలేం.

సబ్‌కాన్షస్‌కు తెలిసేదేమిటి?

ఇప్పుడు కొత్త తరం వాదనకు వద్దాం. సుప్తచేతన అనేది ఉంది. దాన్ని మేం కాదనం. సైకిలు తొక్కేవాడు ప్రతి క్షణం ఒరుగును లెక్కగట్టి హ్యాండిల్ తిప్పడు, శరీరమే చేసుకుపోతుంది. ముప్పై ఏళ్ళు నీళ్ళు చూసిన రైతు పల్లం ఎటుందో, ఏ గట్టు మీద గడ్డి ఆలస్యంగా ఎండుతుందో, పుట్టలు ఎక్కడ లేస్తాయో, పక్కవాడి బోరు ఎంత లోతుకు పడిందో గమనిస్తూనే ఉంటాడు. అదంతా మాటల్లో పెట్టలేకపోవచ్చు. అతని చేయి ఆ ఎరిగిన చోటనే వణకవచ్చు. ఇంతవరకూ ఒప్పుకోవడానికి మాకు ఇబ్బంది లేదు.

అయితే అది నేల మీది గుర్తులను చదవడం. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమంతా నీటి జాడలకే కేటాయించాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే దాని దక్షిణాన రెండు నిలువుల లోతులో మంచినీరు ఉంటుందని అతని లెక్క. అందులో కొన్ని నిజం కావచ్చు, కొన్ని కాకపోవచ్చు. కానీ అవి చెప్పగల గుర్తులు. ఇంకొకడు వెళ్ళి చూసి, తవ్వి, తప్పో ఒప్పో తేల్చగల గుర్తులు. పుల్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తులు మాయమై, చూపించినవాడి మహిమ మిగులుతుంది. జ్ఞానం ఉంటే నోటితో చెప్పాలి. చెబితే పదిమందికి వస్తుంది, తప్పు ఉంటే దిద్దుకుంటుంది.

ఇంకో మాట. సుప్తచేతన ఎంత లోతుదైనా, దానికి వార్త అందించేవి ఇంద్రియాలే. కన్ను చూడనిది, చెవి విననిది, కాలికి తగలనిది దానికి ఎక్కడినుంచి వస్తుంది? రెండు వందల అడుగుల రాతి కింది పగులును చూసే ఆయతనం మనిషికి లేదు. బుద్ధుడు చెప్పిన ఆరు ఆయతనాల్లో మనసు ఆరోది. దాని విషయం తలపులు, గుర్తులు, ఊహలు. భూగర్భ జలం దాని విషయం కాదు. అందుకే ఎదుట గుర్తులేమీ లేని చదును నేల మీద, దాచిపెట్టిన గొట్టం ముందు, అనుభవజ్ఞుడి సుప్తచేతన కూడా చేతులెత్తేస్తుంది. దానికి తెలియనిది అడిగితే అది మౌనంగా ఊరుకోదు, ఏదో ఒకటి చెబుతుంది. మన ఆశనూ భయాన్నీ నిన్న విన్న పుకారునూ కలిపి జవాబుగా చేతికి అందిస్తుంది. అదే దాని ప్రమాదం.

ధమ్మం ఏమంటుంది?

మహాయానంలోని ఆలయ విజ్ఞానమే ఈ సబ్‌కాన్షస్ మైండ్ అని, కాబట్టి పుల్లకు బౌద్ధం మద్దతు ఉందని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. అసంగుడు, వసుబంధువు చెప్పిన ఆలయ విజ్ఞానంలో ఉండేవి మన పాత కర్మల బీజాలు, వాసనలు. అది మన అలవాట్ల గిడ్డంగి. దాన్ని నమ్ముకుని నడవమని వాళ్ళు చెప్పలేదు, దాన్ని మార్చుకోమన్నారు. గిడ్డంగిని గురువుగా కూర్చోబెట్టడం యోగాచారం కాదు.

మన తెలుగు నేలకు సంబంధించిన మాట ఒకటి గుర్తు చేస్తాం. దిఙ్నాగుడు వేంగి దగ్గరి కొండ ఆరామంలో ఉండి హేతువిద్య మీద గ్రంథం రాశాడని చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ నమోదు చేశాడు. జ్ఞానానికి దారులు రెండే అని ఆ మహా తార్కికుడు నిలబెట్టాడు. ఒకటి ప్రత్యక్షం, రెండోది అనుమానం. పుల్ల వంగడం ఏ దారి? నీరు కనబడలేదు కాబట్టి ప్రత్యక్షం కాదు. పొగకు నిప్పుతో ఉన్నట్టు, వంగడానికి నీటితో తప్పని సంబంధం లేదు కాబట్టి అనుమానమూ కాదు. నీరు లేని చోట కూడా వంగే పుల్ల చెడ్డ హేతువు. దిఙ్నాగుడి ముందు ఆ వాదన ఒక్క పూట నిలవదు.

దీఘ నికాయంలోని బ్రహ్మజాల సుత్తంలో భిక్షువులు బతుకుతెరువుగా చేయకూడని విద్యల పట్టిక పెద్దదే ఉంది. స్థలం మంచిచెడ్డలు చెప్పే వత్థువిజ్జ అందులో ఉంది, అంగలక్షణాలు చూసి జోస్యం చెప్పడం ఉంది. కేవట్ట సుత్తంలో నాలందకు చెందిన గృహస్థుడు, ఒక భిక్షువు చేత అద్భుతం చేయిస్తే జనం ఇంకా నమ్ముతారని బుద్ధుణ్ణి మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. బుద్ధుడు ఒప్పుకోడు. చూసినవాడు అదేదో మంత్రమంటాడు, అందులో ఏం ఒరుగుతుందని ఆయన భావం. ఉపదేశమే ఆయన మెచ్చిన అద్భుతం. కేసపుత్త కాలాములకు ఆయన చెప్పింది మనందరికీ నోటికి వచ్చు. సంప్రదాయమనీ, గురువు చెప్పాడనీ, చెప్పినవాడు సమర్థుడిలా కనిపించాడనీ నమ్మవద్దన్నాడు. బోరు పాయింటు దగ్గరికి వచ్చేసరికి ఆ సుత్తాన్ని మడిచి బీరువాలో పెడితే ఎలా?

మనసు ముందు నడుస్తుందని బౌద్ధం చెబుతుంది. మనసును అదుపు లేకుండా నడవనివ్వమని చెప్పదు. తెలియకుండా కదిలిన చేతిని మహిమ అనుకోవడం ఒక దారి. తెలియకుండా ఎందుకు కదిలిందో కూర్చుని చూడడం ఇంకో దారి. మొదటిది గంగమ్మ గుడికి వెనుక వాకిలి. రెండోది విపస్సన.

నీళ్ళతో ఆగదు

పుల్ల పట్టుకుంటే ఎవరికేం నష్టం అనేవాళ్ళున్నారు. చరిత్ర చూడండి. 1692లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జంట హత్యలు జరిగితే, జాక్ ఎమార్ అనే పల్లెటూరి మనిషి పుల్ల పట్టుకుని హంతకుల జాడ తీశానన్నాడు. అతను చూపిన ఒక గూనివాణ్ణి చక్రానికి కట్టి చంపారు. తర్వాత ప్యారిస్‌లో పరీక్షిస్తే అదే పుల్ల వరసగా తప్పింది. నీళ్ళు చూసే పుల్ల దొంగను చూడగలదనుకుంటే, దొంగ తర్వాత ఎవరు?

మన కాలంలో జేమ్స్ మెకార్మిక్ అనే ఇంగ్లండు వ్యాపారి ఒక పిడికి ఏరియల్ తీగ తగిలించి, బాంబుల్ని పసిగట్టే యంత్రమని ఇరాక్ ప్రభుత్వానికి అమ్మాడు. దాని మూలం గోల్ఫ్ బంతులు వెతికే ఆటబొమ్మ. తనిఖీ కేంద్రాల్లో సైనికులు దాన్ని పట్టుకుని నిలబడ్డారు, బాంబుల కార్లు వాళ్ళను దాటిపోయాయి. 2013లో అతనికి పదేళ్ళ శిక్ష పడింది. ఆ తీగను తిప్పింది కూడా పట్టుకున్న సైనికుడి చేయే. మాట రాని పిల్లల చేయి పట్టుకుని అక్షరాల మీద వేలు పెట్టించి వాళ్ళ మాటలు వింటున్నామని 1990ల్లో అమెరికాలో ఎంతోమంది మనసారా నమ్మారు. పరీక్షిస్తే ఆ మాటలు చేయి పట్టుకున్న పెద్దలవని తేలింది. ఈలోగా ఆ మాటల ఆధారంగా తల్లిదండ్రుల మీద ఘోరమైన నేరాలు మోపారు. చేయి పట్టుకున్నవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. మంచితనం రుజువు కాదు.

మనం ఉన్న సింగ్‌భూమ్‌లో ఈ సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. ఇక్కడి పల్లెల్లో జబ్బు చేస్తే, పశువు చస్తే, ఓఝా ఒక స్త్రీ వైపు వేలు చూపిస్తాడు. ఆమెకు డాయన్ అని పేరు పడుతుంది. తర్వాత జరిగేది రాయడానికి చేయి రాదు. దీన్ని ఆపడానికి 1999లో బీహారు చట్టం చేసింది, ఝార్ఖండ్ ఏర్పడ్డాక దాన్నే తీసుకుంది. పక్కనే సరాయికేలా జిల్లాకు చెందిన ఛుట్నీ మహతో అలా ముద్రపడి, హింస భరించి, తర్వాత తనలాంటి స్త్రీలను కాపాడే పనిలో జీవితం గడిపారు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఓఝా వేలుకూ వేప పుల్లకూ తేడా ఏమిటి? రెంటికీ రుజువు ఒకటే: అతని లోపల ఏదో చెప్పిందట. నీళ్ళ విషయంలో ఆ రుజువును ఒప్పుకున్న నోటితో, స్త్రీ విషయంలో ఎలా కాదంటాం?

చేయవలసిన పని

ఈ ఊరి పుట్టుకే ఒక పాఠం. మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తున్న భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్, గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని 1904 ఫిబ్రవరి 24న జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశాడు. కొండలెక్కి, రాళ్ళు కొట్టి, పటాలు గీసి చెప్పిన మాట అది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గరలో సాక్చీని 1907 చివర్లో ఎంచుకున్నారంటే, నీళ్ళున్నాయని కంటితో చూశారు కాబట్టే. ఆ కర్మాగారం కింద పోయిన ఆదివాసీ పల్లెల కథ వేరు, దాన్ని మేం మరచిపోలేదు. పక్కనున్న జాదూగూడ పేరులో జాదూ వినిపిస్తుంది గానీ, 1951లో అక్కడ యురేనియం బయటపడింది జాదూతో కాదు, కొలతలతో. నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ 1950 నుంచీ ఈ ఊళ్ళోనే ఉంది. ఇలాంటి చోట ఇంటి బోరుకు మాత్రం పుల్ల దిక్కు కావడం మనకు తగదు.

నీటికి కూడా కొలత ఉంది. భూమిలో నాలుగు కడ్డీలు పాతి, కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటోందో కొలుస్తారు. పొడి గట్టి రాయి బాగా అడ్డుకుంటుంది. నీరు పట్టిన శిథిల రాయి, పగిలిన రాయి తక్కువగా అడ్డుకుంటాయి. కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ లోతు సంగతులు తెలుస్తాయి. దాంతోపాటు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పగుళ్ళ రేఖలు, చుట్టుపక్కల బావుల లోతులు చూస్తారు. గట్టి రాతి నేలలో ఇది కూడా కొన్నిసార్లు తప్పుతుంది. కానీ తప్పిన లెక్క కాగితం మీద ఉంటుంది, వచ్చే బోరుకు పాఠమవుతుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఉచిత బోర్ల పథకం తెచ్చినప్పుడు, బోరుకు ముందు భూగర్భ జల సర్వే చేయించాలని అందులోనే పెట్టింది. అంటే పేదవాడి బోరుకు సర్వే అసాధ్యం కాదు. ఇక్కడి బస్తీల్లో పదిళ్ళవాళ్ళు కలిసి ఒక సర్వే చేయించుకుని, ఒక మంచి బోరు వేసుకుని, ఇంటి కప్పుల నీళ్ళను దానిచుట్టూ ఇంకించుకోవచ్చు. ఎవరి స్థలంలో వాళ్ళు విడివిడిగా పుల్ల తిప్పి పది బోర్లు వేస్తే ఒకదాని నీళ్ళు ఇంకొకటి లాగి పదీ ఎండుతాయి.

ఇంకా నమ్మేవాళ్ళకు ఒక పిలుపు. పది మూత డ్రమ్ములు పెడదాం. చీటీ వేసి ఒక్కదాంట్లోనే నీళ్ళు పోయిద్దాం. పోసినవాళ్ళు పరీక్ష దగ్గర ఉండకూడదు. ఇరవై విడతలు. ఊరికే చెప్పినా ఇంచుమించు రెండుసార్లు తగులుతుంది. పారే నీరే కావాలంటే గొట్టం, మర పెడదాం. షరతులు మీరే రాయండి, ముందే సంతకం చేద్దాం. నీళ్ళు చూసే అన్నను అవమానించడం మా ఉద్దేశం కాదు. అతనూ మనలాంటి కష్టజీవే. అతని కంటి అనుభవాన్ని గౌరవిస్తాం, పుల్లను మాత్రం పక్కన పెట్టమంటాం.

చివరిగా, మన ఉద్యమం నీళ్ళ దగ్గరే మొదలైందని గుర్తుంచుకుందాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవుదార్ చెరువుకు నడిచి దోసిలితో నీళ్ళు తాగారు. ఆ నీళ్ళను ఎవరూ వెతకనక్కర్లేదు. అందరి కళ్ళ ముందే ఉన్నాయి. అడ్డు నేలలో లేదు, మనుషుల్లో ఉంది. 1985 జూలై 17న కారంచేడు రక్తసిక్తమైంది కూడా తాగే చెరువును మురికి చేయవద్దని ఒక మాదిగ మహిళ అడ్డుపడ్డాకే. మనవాళ్ళకు నీళ్ళు లేకపోవడానికి కారణం ఎన్నడూ భూమి దాచుకోవడం ఒక్కటే కాదు. దల్మా కొండల కింద డిమ్నా జలాశయం నిండుతుంది. రెండు నదులు ఊరిని ఒరుసుకుని పోతున్నాయి. గొట్టాలు లీజు గీత దగ్గర ఆగిపోయాయి. ఆ చోటు కనిపెట్టడానికి వేప పుల్ల అక్కర్లేదు. అక్కడికి దరఖాస్తులతో, బిందెలతో, బస్తీ బస్తీ కలిసి వెళ్ళాలి.

జై భీమ్. నమో బుద్ధాయ.